బయటి తిండి ముట్టని అత్తగారికి వాంతులెలా వచ్చాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తణుకు. ఇంట్లో నేను, మా వారు, అత్తగారు, మూడున్నరేళ్ల బాబు ఉంటాం. పోయిన ఆదివారం సాయంత్రం ఏడింటికి బజారులో బండి దగ్గర మేము ముగ్గురం నూడుల్స్ తిన్నాం. అత్తగారు బయటి తిండి ముట్టరు. ఆ రాత్రి ఒంటిగంటకు బాబు నిద్రలేచి హాల్లో పెద్ద వాంతి చేసుకున్నాడు. తెల్లవారేలోపు మరికొన్ని వాంతులు, ఆపైన నీళ్ల విరేచనాలు. నేను చీపురుతో ఎత్తితే అత్తగారు తడిగుడ్డతో తుడిచారు. సోమవారం పొద్దున వంట, ఇంటిపని చేసే ఆవిడ అదే గుడ్డతో ఇల్లంతా తుడిచారు. మంగళవారం ఉదయం అత్తగారికి, సాయంత్రం నాకు, బుధవారం మా వారికి మొదలైంది. గురువారం నుంచి పనావిడ కూడా రాలేదు, ఆవిడకూ ఇదేనట. చేతులకు శానిటైజర్ రాస్తూనే ఉన్నాం. బాబుకు రోటావైరస్ చుక్కలు కూడా వేయించాం. నూడుల్స్ వల్లే ఇదంతా అని అత్తగారి మాట. శనివారం ప్లేస్కూల్లో ఒక పాప తరగతిలోనే వాంతి చేసుకుందని నాకు తరువాత తెలిసింది. బాబుకు నీళ్లు పడితే విరేచనాలు ఎక్కువవుతాయని అత్తగారు, పట్టాలని నేను రెండు రోజులు వాదులాడుకున్నాం. ఆవిడకు షుగరు, బీపీ ఉన్నాయి. ఇప్పుడు అందరం కోలుకున్నాం. ఇంకో పన్నెండు రోజుల్లో మా ఆడపడుచు సీమంతం మా ఇంట్లోనే చేయాలి. ఆమెను రమ్మనవచ్చా? పనావిడను ఎప్పుడు రమ్మనాలి? మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో రోజులూ గంటలూ రాసి మంచిపని చేశారు. ఆ వివరాలు చాలు, నూడుల్స్ బండి అతను దాదాపు నిర్దోషిగా బయటపడతాడు.

నిల్వ ఉన్న అన్నంలోనో, నూడుల్స్‌లోనో కొన్ని బాక్టీరియాలు విషం తయారుచేసి పెడతాయి. అలాంటి తిండి తింటే అరగంట నుంచి ఆరేడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. బాబు తిన్నది ఏడింటికి, వాంతి ఒంటిగంటకు. కాబట్టి అత్తగారి అనుమానం పూర్తిగా అర్థంలేనిది కాదు. కానీ అదే నిజమైతే, అదే పళ్లెంలోంచి తిన్న మీకూ మీ వారికీ కూడా ఆ రాత్రే మొదలవ్వాలి. మీరిద్దరూ సోమవారమంతా బాగానే ఉన్నారు. పైగా ఆ విషం తిన్నవారి కడుపులోనే ఆగిపోతుంది, పక్కవారికి అంటదు. బండి మొహం చూడని అత్తగారికి, ఆపైన పనావిడకు వచ్చిందంటే ఇది అంటుకునే రకం.

శనివారం ప్లేస్కూల్లో పాప వాంతి చేసుకుంది. మర్నాడు అర్ధరాత్రికి మీ బాబుకు వచ్చింది. ఆ వాంతి తుడిచిన అత్తగారికి ముప్పై గంటల తరువాత, మీకు నలభై గంటల తరువాత వచ్చింది. గుడ్డ పట్టిన పనావిడకు కూడా రెండు, మూడు రోజుల్లోనే వచ్చింది. ఒంట్లోకి చేరిన 12 నుంచి 48 గంటల్లో బయటపడి, వాంతులతో మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోయి, ఇంట్లో ఒకరి తరువాత ఒకరిని పట్టుకునేది ఎక్కువగా నోరోవైరస్. మలం పరీక్ష చేయకుండా నూటికి నూరుపాళ్లు ఇదేనని ఏ డాక్టరూ చెప్పలేరు. చెప్పినా ఇంట్లో మీరు చేయవలసిన పని మారదు. అందుకే మామూలుగా ఆ పరీక్ష రాయం.

దీని కథ 1968లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ అనే ఊళ్లో మొదలైంది. అక్కడి బడి పిల్లలకు, ఉపాధ్యాయులకు ఒక్కసారిగా వాంతులు పట్టుకున్నాయి. ఆ నమూనాలను దాచి, 1972లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే ఈ వైరస్ కనిపించింది. దాని పేరులో ఆ ఊరి పేరే ఉంది. మన దగ్గరా కొత్తదేమీ కాదు. 2021 నవంబరులో కేరళలోని వయనాడ్ జిల్లాలో ఒక పశువైద్య కళాశాల విద్యార్థుల్లో ఇది బయటపడినప్పుడు పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. మిగతా చోట్ల మాత్రం ఇది 'ఫుడ్ పాయిజన్' పేరు మీదే తిరుగుతూ ఉంటుంది. నెపమంతా ఎప్పుడూ ఆఖరున తిన్న పదార్థం మీదే పడుతుంది కదా!

బాబుకు వేయించిన చుక్కలు వృథా పోలేదు. అవి రోటావైరస్ కోసం. ఇది వేరు. నోరోవైరస్‌కు మార్కెట్లో ఇంకా టీకా లేదు. ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. రకాలు చాలా ఉన్నాయి, వచ్చిన రక్షణ ఎక్కువకాలం నిలవదు.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో ఈ జబ్బు పాకింది తిండి వల్ల కాదు, ఆదివారం రాత్రి హాల్లో జరిగిన శుభ్రం వల్ల. ఇందులో మీ తప్పు పట్టడం లేదు. అర్ధరాత్రి బిడ్డ వాంతి చేసుకుంటే ఏ తల్లైనా చేతికందిన చీపురే పట్టుకుంటుంది. కానీ ఆ వాంతిలో ఏముందో ఒకసారి తెలిస్తే ఇంకోసారి చీపురు పట్టరు.

రోగి మలంలో, వాంతిలో ఈ వైరస్ కణాలు లెక్కకు అందనన్ని ఉంటాయి. ఒక్క గ్రాము మలంలోనే వందల కోట్లు ఉండవచ్చు. ఇంకొకరికి జబ్బు తేవడానికి మాత్రం ఇరవై లోపు కణాలు కూడా సరిపోవచ్చని పరిశోధకుల అంచనా. అంటే కంటికి శుభ్రంగా కనిపించే నేల మీద, తలుపు గడియ మీద, బాత్రూమ్ మగ్గు పిడి మీద మిగిలిపోయినది కూడా ఇల్లంతటికీ ఎక్కువే.

1998 చివర్లో ఇంగ్లండులో ఒక హోటల్లో 126 మంది ఆరు బల్లల దగ్గర కూర్చుని విందు చేస్తున్నారు. ఒకామె ఉన్నట్టుండి బల్ల దగ్గరే వాంతి చేసుకుంది. సిబ్బంది చకచకా తుడిచేశారు, విందు సాగిపోయింది. రెండు మూడు రోజుల్లో ఒక్కొక్కరే పడకెక్కారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో పటం గీసి చూస్తే, ఆమె బల్ల దగ్గరున్నవారిలో నూటికి తొంభైకి పైగా, పక్క బల్ల వారిలో డెబ్భైకి పైగా జబ్బుపడ్డారు. గదికి ఆ చివర కూర్చున్నవారిలో కూడా పాతికమంది లెక్క. అందరూ ఒకే వంట తిన్నారు. తేడా అల్లా ఆ వాంతికి ఎంత దూరంలో కూర్చున్నారన్నదే. వాంతి వేగంగా పడినప్పుడు కంటికి కనిపించని తుంపరలు లేచి గాలిలో కొంతసేపు తేలుతాయి, అవే ముక్కూ నోటికి చేరి గొంతులోంచి కడుపులోకి దిగుతాయి. బ్రిటన్‌లోనే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో మనిషి ఆకారంలో బొమ్మ చేసి, రంగు కలిపిన నీళ్లు కక్కించి చూశారు. తుంపరలు మూడు మీటర్లకు పైగా వెళ్లాయి. మన హాళ్లు చాలావాటి పొడవు అంతకంటే పెద్ద ఎక్కువేమీ ఉండదు.

అందుకే ఇంకోసారి ఎవరైనా వాంతి చేసుకుంటే మీరు చేయవలసిన మొదటి పని సీలింగ్ ఫ్యాను ఆపడం. కిటికీలు తెరవండి. మిగతా పిల్లల్ని, పెద్దల్ని ఆ గదిలోంచి పంపేయండి. శుభ్రం చేసేది ఒక్కరే ఉండాలి. మీ ఇంట్లో ఇద్దరు చేశారు, ఇద్దరూ పడ్డారు. కరోనా కాలం మాస్కులు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి, ఒకటి పెట్టుకోండి. చేతికి తొడుగులు లేకపోతే పాలిథిన్ కవర్లు వేసుకుని మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకున్నా సరే. చీపురు వద్దు, బకెట్‌తో నీళ్లు కుమ్మరించడం అసలే వద్దు. అవి రెండూ ఒక మూల ఉన్నదాన్ని గదంతా పరుస్తాయి. వాంతి మీద పాత వార్తాపత్రికలు నాలుగైదు పొరలుగా మెల్లగా పరిచి పీల్చుకోనివ్వండి. తరువాత అంచుల నుంచి మధ్యకు మడుస్తూ ఎత్తి కవర్లో వేసి ముడివేయండి, దాన్ని ఇంకో కవర్లో పెట్టండి. అప్పుడు సబ్బునీళ్లలో ముంచిన పాత గుడ్డతో తుడవండి. కంటికి కనిపించిన మేరకే కాకుండా చుట్టూ రెండు మూడు గజాల మేర, సోఫా కాళ్లు, గోడ అడుగు భాగం కూడా తుడవండి. ఆ గుడ్డ కూడా కవర్లోకే. దాన్ని ఉతికి ఆరేసి మళ్లీ వాడాలన్న పొదుపు బుద్ధి ఈ ఒక్క రోజుకు మానుకోండి.

ఆ తరువాతే బ్లీచింగ్. చాలామంది ముందే చల్లేస్తారు. వాంతి ఉండగా చల్లితే క్లోరిన్ బలమంతా దాంతోనే ఖర్చయిపోతుంది. కొలత ఇది: ముద్దకట్టని, ఘాటైన వాసన తగ్గని తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరు నీళ్లకు 15 గ్రాములు. ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ సీసా మీద 4 శాతం అని ఉంటే, ఒక వంతు ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు. ఇది వాంతి, విరేచనం పడిన చోటుకు. తలుపు గడియలు, కుళాయిలు, స్విచ్చులు తుడవడానికి అంత ఘాటు అక్కర్లేదు. అదే 4 శాతం ద్రవం లీటరు నీళ్లకు 25 మిల్లీలీటర్లు చాలు. స్విచ్చుల మీద మాత్రం నీళ్లు చల్లకండి, మెయిన్ ఆపి, పిండిన గుడ్డతో తుడవండి. ఏదైనా కనీసం ఐదు నిమిషాలు తడిగా ఉండనిచ్చి తరువాత మంచినీళ్లతో తుడిచేయాలి. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలుపుకోవాలి, నిన్న కలిపినదానికి బలం ఉండదు. రంగు బట్టలు వెలిసిపోతాయి, ఇనుము తుప్పు పడుతుంది, ఆ సంగతి ముందే తెలుసుకుని వాడండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో బాత్రూమ్ యాసిడ్‌తో కడిగే అలవాటుంది. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గాని, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్లతో గాని ఎప్పుడూ కలపకండి. ఒకదాని తరువాత ఒకటి వెంటనే పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. రెండూ పోస్తే రెట్టింపు శుభ్రం అనుకునేవారు ఇంటికొకరు ఉంటారు, అందుకే ఇంతగా చెబుతున్నాను. ఇక ఫినాయిల్ అంటారా, ఇల్లు కడిగినట్టు వాసన వస్తుంది. ఈ వైరస్ విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

శానిటైజర్ కథ కూడా దాదాపు అంతే. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను కరిగిస్తే వైరస్ చస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొరే లేదు, పైన ఉన్నది గట్టి ప్రోటీను కవచం. ఆల్కహాల్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. సబ్బు కూడా దీన్ని చంపదు. కానీ రుద్ది, పారే నీళ్లతో కడిగితే చేతిమీద నుంచి ఊడగొట్టి కాలువలోకి పంపుతుంది. మనకు కావలసిందీ అదే. ఇరవై సెకన్లు తక్కువ కాకుండా, వేళ్ల సందులు, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద రుద్దాలి. మనం మలవిసర్జన తరువాత చేత్తో కడుక్కుంటాం, అన్నమూ చేత్తో కలుపుకుంటాం. ఎడమచేయి అది, కుడిచేయి ఇది అనుకుంటాం గాని మగ్గు పట్టేది, కుళాయి తిప్పేది, గడియ తీసేది కుడిచేయే కదా! అందువల్ల జబ్బు ఉన్న వారం రోజులు గోళ్లు పూర్తిగా కత్తిరించుకోండి. బాత్రూములో మగ్గు పిడి, బకెట్ అంచు, కుళాయి మర రోజుకు రెండుసార్లు ఆ పలచని ద్రావణంతో తుడవండి. ఇంట్లో రెండు బాత్రూములుంటే ఒకటి రోగికి వదిలేయండి. ఒకటే ఉంటే రోగి వెళ్లి వచ్చాక తుడిచి, కాసేపాగి మిగతావారు వెళ్లండి. కమోడ్ అయితే మూత వేసి నీళ్లు వదలండి. పళ్లు తోముకునే బ్రష్షులు బాత్రూములో ఉంటే తీసేయండి.

బట్టలు, దుప్పట్లు దులపకండి. మడిచి, ఒంటికి తగలకుండా తీసుకెళ్లి, మలినం ఉంటే ముందు దాన్ని తొలగించి, మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి. మెషిన్లో వేడినీళ్ల సౌకర్యం ఉంటే వాడండి. ఎండలో బాగా ఆరనివ్వండి.

అన్నం దగ్గరికి వస్తే, ఎంగిలి అంటే అంత పట్టింపు ఉన్న మన పెద్దలు మనవల దగ్గరికి వచ్చేసరికి అన్నీ మరిచిపోతారు. బాబు వదిలేసిన నాలుగు ముద్దలు నానమ్మే తింటుంది, అన్నం పారేయకూడదని. మీ ఇంట్లో జరిగిందో లేదో నాకు తెలియదు గాని చాలా ఇళ్లలో చూస్తాను. పిల్లాడికి వాంతులు అవుతున్నన్ని రోజులు, ఆ తరువాత రెండు వారాలు కూడా అతని పళ్లెం, గ్లాసు, చెంచా విడిగా ఉంచండి, మిగిలింది పారేయండి. రెండు వారాలు ఎందుకంటే, వాంతులు ఆగినా మలంలో వైరస్ రెండు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పోతూనే ఉంటుంది. మనిషి చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాడు.

దీంతో పనావిడ ప్రశ్నకు వచ్చాం. వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగిన తరువాత కనీసం 48 గంటలు ఆవిడ వంటింట్లోకి రాకూడదు. మీకూ అదే నియమం. ఇంట్లో ఎవరు ముందు కోలుకుని రెండు రోజులు దాటారో వాళ్లే వంట చేయాలి, అది మీ వారే అయినా సరే. ప్లేస్కూలుకు బాబును పంపడానికీ ఇదే 48 గంటల లెక్క. మీ ఉత్తరం నాకు చేరేసరికి అవి దాటిపోయి ఉంటాయి. ఇక మీరు అడగని మాట ఒకటి చెబుతాను. ఆ సెలవులకు జీతం కోయకండి. వంటపని చేసేవారు, హోటళ్లలో వడ్డించేవారు రోజు కూలి పోతుందనే భయంతోనే మూడోరోజుకల్లా నీరసంగా వచ్చేస్తారు, కడుపు బాగా లేదన్న మాట దాచేస్తారు. మనం కోసే మూడు నాలుగు వందల రూపాయలు తిరిగి మన అన్నంలోనే తేలుతాయి. ఈ వైరస్‌ను అదుపు చేయడంలో నేను బ్లీచింగ్ కంటే ఎక్కువగా నమ్మేది జీతంతో కూడిన ఆ రెండు రోజుల సెలవునే.

అంటే తిండి ద్వారా రాదని కాదు. వండేటప్పుడు మరిగితే వైరస్ చస్తుంది. గోరువెచ్చని వేడికి చావదు, అరవై డిగ్రీల వేడిని కూడా కొంతవరకు తట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే హాయిగా ఉంటుంది. కాబట్టి సెగలు కక్కే సాంబారు కంటే వండాక చెయ్యి పడేవి అనుమానించాలి: కోసిన పండ్లు, పెరుగు పచ్చడి, ఉల్లిపాయ ముక్కలు, ఐసు, చెయ్యి ముంచి తీసే పానీపూరి నీళ్లు. తాగేనీళ్లు తెర్లేదాకా మరిగించి మరో నిమిషం ఉంచితే చాలు. వీధి వీధంతా ఒకటి రెండు రోజుల్లో పడిపోతే, ముఖ్యంగా బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు అవుతుంటే, అది ఇంట్లో పాకే ఈ వైరస్ అనుకోకండి, ముందు తాగునీటిని అనుమానించి ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు వేలు చూపింది నీటి వైపే.

ఇప్పుడు మీ అత్తగారితో వచ్చిన వాదన. ఇందులో మీదే సరి, కానీ ఆవిడ చెప్పినదాంట్లో కంటికి కనిపించే నిజం ఒకటుంది. వాంతి అయిన వెంటనే గ్లాసెడు నీళ్లు గటగటా తాగిస్తే అది మళ్లీ వాంతే అవుతుంది. నీళ్లు మానేయడం మాత్రం మందు కాదు, ఈ జబ్బులో ప్రాణం తీసేది వైరస్ కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగండి. తరువాత ఓఆర్‌ఎస్ చెంచాతో, ఒకటి రెండు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టండి. మళ్లీ కక్కితే మళ్లీ పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. విసుగ్గా ఉంటుంది, కానీ ఆ చెంచానే సెలైన్ సీసా తప్పిస్తుంది. వాంతులు నిలిచాక విరేచనం అయినప్పుడల్లా మీ బాబు వయసుకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, రెండేళ్ల లోపు పిల్లలకు అందులో సగం.

ఓఆర్‌ఎస్ ఎందుకు పనిచేస్తుందంటే, చిన్నపేగుల్లో గ్లూకోజు లోపలికి వెళ్తూ తనతోపాటు సోడియంను లాక్కుపోతుంది, వాటి వెనకే నీరు వెళ్తుంది. విరేచనాలు అవుతున్నా ఆ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు పడిపోయాయి.

కానీ కొలత తప్పితే ఇదే మందు హాని చేస్తుంది. పెద్ద పొట్లం లీటరు నీళ్లకు. దాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. సగం పొట్లం సగం లీటరుకు అని కూడా కలపకండి, పొడిలో ఉప్పు, గ్లూకోజు సమానంగా విడిపోవు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. దుకాణంలో తీయటి పండ్ల రుచుల డబ్బాలు ఇస్తే తీసుకోకండి. వాటిలో చక్కెర మోతాదు మించి ఉంటుంది, విరేచనాలు పెరుగుతాయి. అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు ఉండకూడదని హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాట వాడకాన్ని నిషేధించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. అర్ధరాత్రి పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. గంజి, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు తోడుగా ఇవ్వవచ్చు. ఆకలి వేస్తే అన్నం పెట్టండి, పస్తు ఉంచకండి. జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, పది నుంచి పద్నాలుగు రోజులు ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి. ఆరు నెలల లోపు బిడ్డలకు 10 మిల్లీగ్రాములే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓఆర్‌ఎస్, జింకు రెండూ ఉచితంగా ఇస్తారు.

విరేచనాలను బిగబట్టే మాత్రలు పిల్లలకు ఎప్పుడూ వేయకండి. యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చినా తీసుకోకండి.

అత్తగారి సంగతి వేరుగా చెప్పాలి. షుగరు ఉన్నవారు ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉందని మానేస్తారు. లీటరుకు ఉన్నది 13.5 గ్రాముల గ్లూకోజు, అది లేకపోతే ఉప్పు లోపలికి వెళ్లదు. నిర్భయంగా తాగవచ్చు. అసలు ప్రమాదం మాత్రల దగ్గర. ఏమీ తినకుండా కక్కుతూ ఉన్న రోజున షుగరు మాత్రలు ఎప్పటిలా వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. కొన్ని బీపీ మాత్రలు నీరసించిన ఒంట్లో కిడ్నీలను ఇబ్బంది పెడతాయి. అలాగని సొంతంగా మానేయడమూ కాదు, ఇన్సులిన్ అసలే మానకూడదు. వాంతులు మొదలైన రోజే ఆవిడ డాక్టరుకు ఫోను చేసి అడగండి.

ఆరు నుంచి ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, పిలిస్తే మగతగా పలికినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, ఏమీ తాగలేకపోతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి ఆసుపత్రికి వెళ్లండి. మలంలో రక్తం, ఆకుపచ్చని వాంతి, తగ్గని కడుపునొప్పి, గట్టి జ్వరం ఉన్నా అంతే. ఆరు నెలలు నిండని బిడ్డ అయితే ఇవేవీ కనిపించకముందే చూపించండి.

సీమంతం వాయిదా అక్కర్లేదు. మీ ఆడపడుచును రమ్మనండి, పన్నెండు రోజుల వ్యవధి ఉంది. గర్భిణికి ఈ వైరస్ వస్తే కడుపులో బిడ్డకు నేరుగా పాకుతుందన్న భయం అక్కర్లేదు గాని ఒంట్లో నీరు పోవడం ఆమెకూ మంచిది కాదు. కాబట్టి ఆమె వచ్చేలోపు బాత్రూము, హాలు ఒకసారి పైన చెప్పినట్టు తుడిపించండి. ఆమెకు తువ్వాలు, గ్లాసు విడిగా ఇవ్వండి. బాబు మలవిసర్జన తరువాత కడిగే పని ఆమెకు అప్పగించకండి, అత్తగా ముచ్చటపడి తానే వచ్చినా సరే. ఇంట్లో కొత్తగా ఎవరికైనా వాంతులు మొదలైతే మాత్రం 48 గంటల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, అప్పుడు వేడుకను వేరే ఇంటికి మార్చండి.

పుట్టబోయే బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల్లో రోటావైరస్ చుక్కలు వేయించమని ఇప్పుడే చెప్పి ఉంచండి. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు పెద్ద కారణం అదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి వేరుచేసిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఈ టీకా ఒకటి తయారుచేసింది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో మొదటగా అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

సీమంతం రోజు భోజనాలకు క్యాటరింగ్ పెట్టుకుంటున్నట్టయితే, ముందురోజు ఫోను చేసి మీ మనుషుల్లో ఈ రెండు రోజుల్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయ్యాయా అని అడగండి. అయి ఉంటే వాళ్లకు బదులు వేరేవారిని పంపమనండి. వడ్డించేవారికి చేతులు కడుక్కోవడానికి పెరట్లో ఒక కుళాయి, ఒక కొత్త సబ్బు చూపించండి.